నిట్‌ప్రో సింఫనీ సూదుల సెట్: సొంత డిజైన్లు అల్లుకునేవాళ్లకు

మా పిల్లల స్వెట్టర్లు నేనే డిజైన్ చేసి అల్లుతాను. ఆదిలాబాద్ చలికి అవి తప్పనిసరి. రెడీమేడ్ సైజులు మా పెద్దదానికి భుజాల దగ్గర ఎప్పుడూ సరిపోవు.

ఏది మొదలుపెట్టినా ముందు చిన్న నమూనా ముక్క అల్లి, 10 సెం.మీ.కి ఎన్ని కుట్లు వస్తున్నాయో లెక్కపెడతాను. 4 మి.మీ. సూదితో 22 వస్తే, 80 సెం.మీ. చుట్టుకొలతకు 176 కుట్లు. కుట్లు వదులుగా అనిపిస్తే 3.75కి మారాలి. ఈ సెట్‌లో కేబుల్ (రెండు సూదుల్నీ కలిపే వంగే తీగ) అలాగే ఉంచి, సూదులు మాత్రం విప్పి వేరే సైజు బిగించుకోవచ్చు.

నేను ముఖ్యంగా చూసేది సూదీ కేబులూ కలిసే చోటు. ఇంతకుముందు వాడిన ఓ చవక సెట్‌లో ప్రతి వరుసకీ ఊలు అక్కడ తట్టుకుని పోగులు లేచేవి, ప్రాణం విసిగిపోయేది. ఇందులో నున్నగా జారిపోతోంది. కాకపోతే సెట్‌తో వచ్చే చిన్న కీని కేబుల్ చివరి రంధ్రంలో దూర్చి గట్టిగా బిగించాలి, ఉత్త చేత్తో తిప్పితే చాలదు. అదే రంధ్రంలో సన్నటి దారం కట్టి అల్లితే, ఆ వరుస కుట్లన్నిట్లోకీ దారం ఎక్కుతుంది. తర్వాత డిజైన్ నచ్చక విప్పాల్సి వచ్చినా అక్కడితో ఆగుతుంది. లేసు అల్లేవాళ్లకు ఇది వరమే!

కేబుల్ విడిగా కొనేటప్పుడు ఒకటి చూసుకోండి: 80 సెం.మీ. అని రాసి ఉంటే అది మామూలు పొడవు సూదులతో కలిపిన కొలత, ఉత్త కేబుల్ 56 సెం.మీ. మాత్రమే.

ఇవి రంగురంగుల బర్చ్ చెక్క సూదులు. జారే యాక్రిలిక్ ఊలుకు మంచి పట్టు. బిగుతుగా అల్లే అలవాటుంటే మాత్రం లోహపు సూదులే తీసుకోండి.