ఆత్మహత్యలో ఆప్తులను కోల్పోయినవారి సహాయ బృందం: ఏడాది అనుభవంతో ఒక సమీక్ష

తమ్ముడు బలవన్మరణం చెందిన ఐదు నెలలకు ఈ బృందంలో చేరాను. పదిహేను రోజులకొకసారి రెండు గంటలపాటు జరిగే సమావేశాలకు ఏడాదిగా వెళ్తున్నాను. నాలాంటి స్థితిలో ఉండి, వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేనివారి కోసం ఇది రాస్తున్నాను.

కొత్తవారిని నేరుగా సమావేశంలోకి రానివ్వరు. నిర్వాహకురాలు ముందుగా ఫోన్‌లో అరగంట మాట్లాడి, పోయినవారు ఏమవుతారు, ఎంతకాలమైంది, ఇంట్లో తోడెవరున్నారు అని అడిగాక, ఏ తడబాటూ లేకుండా, "మీకూ చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని అడిగారు. ఉలిక్కిపడ్డాను. ఇలా ఆప్తులను కోల్పోయినవారికి ఆ ముప్పు ఇతరులకంటే ఎక్కువనీ, సూటిగా అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదనీ తర్వాత తెలిసింది. అవసరమైనవారిని బృందంతో సరిపెట్టక, మానసిక వైద్యుల దగ్గరకు కూడా పంపుతారు.

నియమాలు కొద్దే. మరణం ఎలా జరిగిందో వర్ణించకూడదు, ఇక్కడి మాట బయటకు పోకూడదు, అడగని సలహా ఇవ్వకూడదు, మాట్లాడాలనిపించకపోతే మౌనంగా ఉండవచ్చు. సలహాల నిషేధం విలువ, "పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు, మీరే గుండె దిటవు చేసుకోవాలి" అనే మాటను పరామర్శ పేరిట నెలల తరబడి భరించినవారికి బాగా తెలుస్తుంది. మొదటి మూడు సమావేశాల్లో నేను నోరు విప్పలేదు. నాలుగోసారి, చివరి రోజున తమ్ముడు చేసిన ఫోన్ ఎత్తలేదన్న సంగతి చెప్పగలిగాను. నీ తప్పేమీ లేదంటూ తొందరపడి ఎవరూ ఓదార్చలేదు. కాసేపటికి, కొడుకును పోగొట్టుకున్న ఒక పెద్దాయన, ఆ రోజు గుమ్మం దాటకుండా ఉంటే ఏమయ్యేదోనని తానింకా లెక్కలు వేసుకుంటూనే ఉన్నానని చెప్పారు. ఆ రాత్రి, ఎన్నాళ్లకో, నిద్రపట్టింది.

ఇక్కడ "పాల్పడ్డాడు" అనే మాట వాడరు. దొంగతనానికీ మోసానికీ వాడే క్రియనే పత్రికలు ఈ మరణానికీ వాడుతున్నాయని ఒకరు ఎత్తిచూపేదాకా నాకు తట్టనే లేదు.

లోపాలు లేకపోలేదు. తల్లిదండ్రులు, జీవిత భాగస్వాములు, తోబుట్టువులు అందరూ ఒకే వరుసలో కూర్చోవడంతో, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదుట అన్నగా నా బాధ చెప్పుకోవడానికి నోరు రాదు. పిల్లలకు విడిగా ఏర్పాటు లేదు. వీటికంటే నన్ను ఎక్కువగా నొప్పించినది, రక్తసంబంధీకులనూ భార్యాభర్తలనూ తప్ప మరెవరినీ చేర్చుకోకపోవడం. ఒక్కో ఆత్మహత్య ఆరుగురిని కలచివేస్తుందని చాలాకాలం చెప్పుకునేవారు. ఒక అమెరికన్ పరిశోధన మాత్రం, అలా పోయిన ఒక్కొక్కరినీ ఎరిగి ఉన్నవారు సుమారు 135 మంది ఉంటారని అంచనా వేసింది. అందరికీ ఇలాంటి ఆసరా అవసరం కాకపోవచ్చు. అయితే తమ్ముడితో నాలుగేళ్లు ఒకే గదిలో ఉండి, ఆ తలుపు మొదట తెరిచిన స్నేహితుడికి "బంధువు కాదు" అన్న కారణంతో చోటు దొరకలేదు.

ఈ విషయం నిర్వాహకులకు రాతపూర్వకంగా తెలియజేశాను. స్నేహితుల కోసం వేరే సమావేశం పెట్టే ఆలోచన ఉందని జవాబిచ్చారు. అది మొదలైతే ఈ సమీక్షను సవరిస్తాను.