షాపు సర్వర్‌కి హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా?

కడపలో మా ఎరువుల షాపు బిల్లింగ్ సర్వర్‌లో మొన్నటిదాకా హార్డ్ డిస్కే. లోపల పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంటే, డేటా చదివే ముల్లులాంటి హెడ్ అటూ ఇటూ పరుగెత్తి డేటా వెతకాలి. ముగ్గురు ఒకేసారి బిల్లు కొడితే కటకటమని చప్పుడు, కౌంటర్ దగ్గర క్యూ.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, అంతా చిప్పులే. సాటా అనే నెమ్మది కనెక్షన్ రకమైనా సెకనుకు 500 ఎంబీ దాకా చదువుతుంది. హార్డ్ డిస్కు 200 దగ్గరే ఆయాసపడుతుంది. చిన్న చిన్న ఫైళ్ల దగ్గరైతే అసలు పోలికే లేదు.

ధరలో మాత్రం హార్డ్ డిస్కుదే పైచేయి. సీసీ కెమెరా రికార్డింగులకు అదే చాలు. అయితే అది పోయేముందు తరచూ మూలుగుతుంది, ఎస్‌ఎస్‌డీ చెప్పాపెట్టకుండా పోవచ్చు. ఆ టెన్షన్‌తోనే రెండు ఎస్‌ఎస్‌డీలు రెయిడ్ 1లో, అంటే ఒకే డేటా రెండింట్లోనూ ఒకేసారి రాసేలా, జంటగా పెట్టించాను. పొరపాటున బిల్లు చెరిపితే రెండింట్లోనూ పోతుంది కాబట్టి, రోజూ రాత్రి బ్యాకప్ పాత డిస్కులోకే.