చింతపండు కొట్టే ఆడవాళ్లకి ఏ కంపెనీ మేలు?

పుంగనూరు వైపు ఊళ్లలో వేసవి వచ్చిందంటే అరుగుల మీద చింతకాయల కుప్పలే. పెంకు తీసి, ఈనెలు లాగి, గింజ కొట్టే పని ఎక్కువగా ఆడవాళ్లదే. సాయంత్రానికి వేళ్లు పులుపుకి మండుతుంటాయి. ధర మాత్రం వ్యాపారి చెప్పిందే. ఇలాంటి వాళ్లు పాతికమంది కలిసి సొంతంగా అమ్ముకోవాలంటే రెండు దారులున్నాయి.

మొదటిది సెక్షన్ 8 కంపెనీ, అంటే కంపెనీల చట్టం కింద లాభాపేక్ష లేకుండా పెట్టేది. అది పెడితే విరాళాలు, సీఎస్ఆర్ (పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే) డబ్బులు అడగొచ్చు. లాభం వస్తే పంచుకోకూడదు, ఆశయానికే ఖర్చుపెట్టాలి. మిషన్ కొనడానికి, శిక్షణకి బాగానే ఉంటుంది. గ్రాంటు ఆగిపోతేనే టెన్షన్.

రెండోది ఉత్పత్తిదారుల కంపెనీ, అంటే సరుకు పండించేవాళ్లే యజమానులుగా ఉండేది. ఇది 2002లో చట్టంలోకి వచ్చింది. 10 మంది ఉత్పత్తిదారులు చాలు. ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకటే ఓటు. మిగులును, ఎవరు ఎంత సరుకు పోశారో దాన్నిబట్టి బోనస్‌గా పంచుకోవచ్చు. తిరుపతిలో 2014లో పుట్టిన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ ఈ తరహాదే. సభ్యులంతా పాలు పోసే మహిళలే. అయితే పాలు రోజూ వస్తాయి, డబ్బూ తిరుగుతుంటుంది. చింతపండు ఏడాదికోసారి. సీజన్‌లో కొని, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, రేటు పెరిగేదాకా ఆగాలంటే చేతిలో పెట్టుబడి ఉండాలి. బయటి ఇన్వెస్టర్‌కి షేర్లు ఇవ్వడం కుదరదు కాబట్టి అప్పు తెచ్చుకోవాల్సిందే. (లెక్కలు రాసే మనిషి జీతం సంగతి చాలామంది మరచిపోతారు.)

నన్నడిగితే రెండోదే. సొంత చెట్లు లేక కూలికి కొట్టేవాళ్లే ఎక్కువైతే మాత్రం మొదటిది ఆలోచించాలి. సరుకు వాళ్లది కానప్పుడు బోనస్ వాళ్ల దాకా ఎక్కడొస్తుంది?