డెనాన్ డీఎల్-103కు జోడీగా పారాసౌండ్ జేసీ 3 జూనియర్: కొన్నేళ్ల వాడకం తర్వాత

రికార్డు ప్లేయర్ నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని పెంచే పెట్టె ఫోనో ప్రీయాంప్లిఫయర్. అది ఏది కొనాలన్నది టర్న్‌టేబుల్‌కు బిగించిన కార్ట్రిడ్జే, అంటే ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగమే, నిర్ణయించాలి. నేను వాడుతున్నది డెనాన్ డీఎల్-103. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం 1960ల తొలినాళ్లలో రూపొందిన ఈ మూవింగ్ కాయిల్ (ముల్లుతోపాటు తీగచుట్ట కదిలే రకం) కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సంకేతం 0.3 మిల్లీవోల్టులు మాత్రమే. మామూలు ఫోనో ప్రీయాంప్లిఫయర్లు ఇచ్చే 40 డెసిబెల్స్ గెయిన్‌తో (సంకేతాన్ని పెంచే మోతాదు) అది వంద రెట్లు పెరిగినా 30 మిల్లీవోల్టులు దాటదు కాబట్టి వాల్యూమ్ బాగా పెంచక తప్పదు, పాటతోపాటు బుసబుసలూ పెరుగుతాయి.

ఆడియో ఇంజినీరు జాన్ కర్ల్ రూపకల్పన చేసిన పారాసౌండ్ ఫోనో ప్రీయాంప్లిఫయర్ జేసీ 3 జూనియర్‌లో 40, 50, 60 డెసిబెల్స్ గెయిన్ అమరికలున్నాయి. 60 అంటే వెయ్యి రెట్లు. డెనాన్‌కు అదే సరైనది. ఆ అమరికలో కూడా పాటకూ పాటకూ మధ్య వినిపించేది రికార్డు గాడి శబ్దమే తప్ప యంత్రం శబ్దం కాదు. మొదట్లో వచ్చిన సన్నని గుమ్మనే మోత మా ఇంటి ఎర్తింగ్ లోపం వల్ల వచ్చినదేనని, దాన్ని సరిచేయించగానే తెలిసింది.

లోడింగ్‌ను, అంటే ప్రీయాంప్లిఫయర్ కార్ట్రిడ్జ్‌కు ఎదురుగా ఉంచే నిరోధాన్ని, 50 నుంచి 550 ఓముల దాకా ఎక్కడైనా నిలుపుకోవచ్చు. 40 ఓముల నిరోధం ఉన్న ఈ కార్ట్రిడ్జ్‌కు వంద ఓముల దగ్గర వయొలిన్ మెత్తగా, నా చెవికి కాస్త మందకొడిగా వినిపించింది. ఇంకొంత పెంచాక తాళాల మెరుపు తిరిగి వచ్చింది. ఈ తేడాను పెద్దదిగా చెప్పుకొనేవారున్నారు గానీ, ముల్లు కోణాన్ని సరిచేసినప్పుడు వచ్చే మార్పు ముందు ఇది చిన్నదే.

కొనేటప్పుడు నేను లెక్కలోకే తీసుకోని, రెండు చానళ్లను ఒక్కటి చేసే మోనో మీట ఇప్పుడు రోజూ పనికొస్తోంది. మోనో రికార్డులో సంగీతమంతా గాడి పక్కలకు కదిలే కదలికలోనే ఉంటుంది. ముల్లు పైకీ కిందికీ కదిలినప్పుడు పుట్టేది వట్టి రొద. రెండు చానళ్లను కలపగానే అది చాలావరకు రద్దవుతుంది. బాగా అరిగిన పాత ఘంటసాల ఎల్పీల్లో గొంతు రెండు స్పీకర్ల నడుమ స్థిరంగా నిలబడుతుంది. లోతైన గీతల టపటపలు మాత్రం అలాగే ఉంటాయి.

ఒకే మూవింగ్ మాగ్నెట్ (అయస్కాంతం కదిలే, సంకేతం ఎక్కువగా ఇచ్చే రకం) కార్ట్రిడ్జ్‌తో తృప్తిగా ఉన్నవారికి ఇంత ఖర్చు అనవసరం. 78 ఆర్‌పీఎమ్ రికార్డులు పోగుచేసేవారికీ ఇది చాలదు: 1954లో అమెరికా రికార్డు పరిశ్రమ సంఘం ఆర్‌ఐఏఏ ప్రమాణం రాకముందు కంపెనీకొక ఈక్వలైజేషన్ (రికార్డు చేసేటప్పుడు మార్చిన మంద్ర, తార ధ్వనుల పాళ్లను తిరిగి సరిచేసే లెక్క) ఉండేది, జేసీ 3 జూనియర్‌లో ఉన్నది ఆర్‌ఐఏఏ ఒక్కటే.