పూల్ పాటరీ 1950ల చారల వాజ్: కొనదగినదేనా?

ఇంగ్లండ్ దక్షిణ తీరాన, డోర్సెట్‌లోని పూల్ అనే రేవుపట్టణంలో 1950లలో తయారైన ఒక వాజ్‌ను ఈ మధ్య పాతవస్తువుల దుకాణం ఒకదాని నుంచి ఆన్‌లైన్‌లో 95 పౌండ్లకు కొన్నాను. ఎత్తు సుమారు 25 సెంటీమీటర్లు. నడుము దగ్గర ఉబ్బి, మెడ దగ్గర సన్నబడి, అంచు దగ్గర కొద్దిగా విచ్చుకునే ఆకారం. తెల్లటి గ్లేజు (గాజులాంటి మెరుపు పూత) మీద పైనుంచి కిందికి బూడిదరంగు, నిమ్మపండు రంగు పట్టెలు, వాటి నడుమ సన్నని నల్లగీతలు ఉన్నాయి. పెట్టిన డబ్బుకు ఇది తగిన వస్తువేనని నా అభిప్రాయం. ఎక్కువమంది చూసే, పాత్ర అడుగున ఉండే తయారీ సంస్థ ముద్ర కన్నా, నన్ను ఈ అభిప్రాయానికి తెచ్చినవి ఆ నల్లగీతలు.

కార్టర్, స్టాబ్లర్ అండ్ ఆడమ్స్ పేరుతో 1921లో ఏర్పడి, 1963లో పూల్ పాటరీ అయిన ఈ సంస్థకు తొలి పేరు తెచ్చినవి ట్రూడా కార్టర్ గీసిన పూలు, పక్షులు. రెండో ప్రపంచయుద్ధానంతరం కథ వేరు. స్వదేశంలో అమ్మే పాత్రల మీద అలంకరణ ఉండరాదన్న యుద్ధకాలపు ఆంక్ష బ్రిటన్‌లో 1952 దాకా కొనసాగింది. అందువల్ల అది తొలగిన వెంటనే వచ్చిన పాత్రల్లో అంతకాలం బిగబట్టిన ఉత్సాహం కనిపిస్తుంది. అంతకుముందు దీపాల రూపకల్పనలో పేరుపొందిన ఆల్ఫ్రెడ్ రీడ్ ఇక్కడి నమూనాల బాధ్యత తీసుకుని, సారె మీద ఆకారాలు తీసే గై సిడెన్‌హామ్‌తో కలిసి పనిచేశారు. చిత్రకారిణుల విభాగాన్ని రూత్ పేవ్‌లీ నడిపించారు. నా దగ్గరి వాజ్ రీడ్ తరహాదే.

ఈ పాత్రల విలువ తెలియాలంటే పని జరిగే తీరు తెలియాలి. ఒకసారి కాల్చిన పాత్రను గ్లేజులో ముంచి ఆరబెడతారు. ఆరిన తరువాత ఆ పూత పొడిపొడిగా ఉండి, కుంచె తాకిన మరుక్షణమే రంగును పీల్చేస్తుంది. అక్కడ చెరపడానికి గాని, దిద్దడానికి గాని వీలుండదు. ఆ పాత్రను మళ్ళీ బట్టీలో పెట్టినప్పుడు గ్లేజు కరిగి రంగు అందులోకి దిగుతుంది, గీత అంచులు కాస్త మెత్తబడతాయి. ఉబ్బెత్తు పాత్ర మీద మెడ నుంచి అడుగు దాకా ఒకే ఊపులో గీత లాగడమంటే, వంపు పెరిగే చోట గీతల మధ్య ఎడం పెంచుతూ, తరిగే చోట తగ్గిస్తూ, కుంచెలో రంగు ఎంత మిగిలిందో కూడా గమనిస్తూ చేయి కదపాలి. నా వాజ్ మీద గీతలు మెడ దగ్గర లావుగా మొదలై, నడుము మీద సన్నబడి, అడుగు దగ్గర మళ్ళీ బలం పుంజుకున్నాయి. ఒక గీత మాత్రం మధ్యలో రంగు చాలక పలచబడింది, దాని పక్క గీత అవసరానికి మించి లావైంది. ఆ రెంటినీ నేను లోపంగా లెక్కించలేదు. నమూనా రీడ్‌ది, గీత మాత్రం అడుగున తన చిన్న గుర్తు వేసి వెళ్ళిన చిత్రకారిణిది. ఒకే నమూనా ఉన్న రెండు వాజ్‌లను పక్కపక్కన పెడితే ఒకటి సజీవంగా, మరొకటి నిస్సత్తువగా కనిపించడం సాధారణమే అయినా, అమ్మకందారులు రెంటికీ ఒకే ధర చెబుతుంటారు. ఇది కొనేవారికి లాభించే సంగతి.

ఇక లోపాల సంగతి. దుకాణంవారి వర్ణనలో "ఎలాంటి దెబ్బా లేదు" అని రాసినప్పటికీ, అడుగు వలయం మీద గోరంత పెచ్చు ఊడి ఉంది. నిలబెడితే కనిపించదు గనుక తిప్పి పంపలేదు. అయితే ఆ పెచ్చు సంగతి రాసి ఉండాల్సింది, ధరా కొంత తగ్గాల్సింది. లోపలివైపు గ్లేజులో వెంట్రుకల్లాంటి నెర్రెలున్నాయి. ఇది నీటిని పీల్చే మట్టి కాబట్టి, నెర్రెలున్న పాత్రలో నీళ్ళు పోసి పూలు పెడితే మరకలు పడతాయి, ఎండుపూలే మేలు. సంతలో కుండను తట్టి వినే మన అలవాటు ఇక్కడా పనికొస్తుంది: గోటితో తడితే మొద్దుశబ్దం వస్తే ఎక్కడో పగులు ఉందని అనుమానించాలి. అతికి రంగు పూసిన చోట్లు అతినీలలోహిత టార్చి వెలుగులో మిగతా గ్లేజుకు భిన్నంగా కనిపిస్తాయి కాబట్టి, ఖరీదైన పాత్ర అయితే ఆ ఫోటో అడగడంలో తప్పులేదు.

ఇదే సంస్థ 1960లలో తెచ్చిన డెల్ఫిస్ పాత్రలు నారింజ, ఎరుపు రంగులతో దూరం నుంచే పిలుస్తాయి. చిత్రకారిణులకు వాటిలో స్వేచ్ఛ ఎక్కువ. ఇంట్లో ఒకే ఒక్క పాత్ర పెట్టుకోదలచినవారికి అవి నచ్చవచ్చు. చేతిపనిని దగ్గరగా చూడాలనుకునేవారికి మాత్రం 1950ల చారల పాత్రలనే సూచిస్తాను, ఎందుకంటే కట్టుదిట్టమైన నమూనాలో చేతి బలం, బలహీనత దాగవు. హైదరాబాద్‌కో విజయవాడకో తెప్పించుకోవాలంటే రవాణా ఖర్చు, సుంకం కలిపి పాత్ర ధరను మించిపోవచ్చు. బ్రిటన్ వెళ్ళే బంధువుల చేత కొనిపించి, విమానంలో చేతిసంచిలో తెప్పించుకోవడమే నయం. నాకు పంపిన దుకాణంవారు రెండు పెట్టెల్లో, మధ్యలో మెత్తని పొరలు నింపి పంపారు. ప్యాకింగ్ విషయంలో వారికి పూర్తి మార్కులు వేస్తాను.