కెమెరా రిపేర్ కిట్: స్పానర్ ఉంచుకోండి, స్క్రూడ్రైవర్లు మార్చండి

పాత ఫిల్మ్ కెమెరాను మొదటిసారి విప్పబోయేవాళ్లు ఎక్కువగా కొనేది ఆన్‌లైన్‌లో దొరికే బ్రాండ్ లేని రిపేర్ కిట్. లెన్స్ స్పానర్ (లెన్స్ రింగుల్ని విప్పే రెండు మొనల పనిముట్టు), రబ్బరు కప్పులు, ట్వీజర్, నాలుగైదు స్క్రూడ్రైవర్లు వస్తాయి. స్పానర్ కోసం కొనొచ్చు. స్క్రూడ్రైవర్లను మాత్రం కెమెరా దగ్గరికి రానివ్వకండి.

పెంటాక్స్, నైకాన్, కెనాన్, యాషికా లాంటి జపాన్ కెమెరాల్లో ప్లస్ స్క్రూలు జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) కొలతలవి. చూడ్డానికి మామూలు ప్లస్ రకమైన ఫిలిప్స్ లాగే ఉంటాయి గానీ, ఫిలిప్స్ మొన గాడి అడుగుదాకా దిగదు. గట్టిగా తిప్పితే పైకి జారి గాడి అంచుల్ని కొరికేస్తుంది. అందుకే జపాన్ కంపెనీ వెస్సెల్ చేసే చిన్న డ్రైవర్లలో 00, 0 సైజులు విడిగా తీసుకోండి. బలంలో ముప్పాతిక వంతు కిందికి నొక్కడానికి, మిగతాదే తిప్పడానికి. కదలకపోతే మొండిగా తిప్పొద్దు. ఫ్యాక్టరీలో స్క్రూ వదులవకుండా లక్క వేసి ఉంటారు. టూత్‌పిక్ కొనతో ఒక చుక్క అసిటోన్ పెట్టి కాసేపు ఆగి ప్రయత్నించండి. అసిటోన్ ప్లాస్టిక్‌కీ పెయింట్‌కీ తగిలిందా, కరిగిపోతాయి.

స్పానర్ మంచిదే, కానీ మొనలు ఉన్నవి ఉన్నట్టు వాడకండి. కొసలు సమంగా లేకపోతే సన్నటి ఆకురాయితో అరగదీయండి. రింగుకు గాడులుంటే చదును మొన, రంధ్రాలుంటే సూది మొన. స్పానర్ మరలు బాగా బిగించి, లెన్స్ అద్దం మీద గుండ్రంగా కత్తిరించిన కాగితం పరచండి. స్పానర్ జారితే గీత పడేది కాగితం మీద పడాలి, అద్దం మీది పల్చటి పూత (కోటింగ్) మీద కాదు. లెన్స్ ముందున్న పేరు రింగుకు గాడులు ఉండకపోవచ్చు. రబ్బరు కప్పుల అసలు పని అక్కడే, అవి చక్కగా పనిచేస్తాయి.

కిట్‌లో లేనిది, తప్పక కావాల్సింది లైటర్ ఫ్లూయిడ్ (సిగరెట్ లైటర్లలో పోసే ద్రవం). ఎపర్చర్ బ్లేడ్లు (లెన్స్‌లోకి వచ్చే వెలుతురును తగ్గించి పెంచే రేకులు) నెమ్మదిస్తే, ఎక్కువసార్లు కారణం ఫోకస్ గ్రీజు కరిగి వాటి మీదికి పాకడమే. దూది పుల్లతో కొద్దిగా రాసి, బ్లేడ్లను ఆడించి, తుడిచి, ఆరనివ్వండి. నూనె పోస్తే రెండు రోజులు బాగా కదులుతాయి, ఆపై మళ్లీ అతుక్కుంటాయి. బ్లేడ్లు పొడిగానే ఉండాలి.

విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో బీరువాలో పడి ఉన్న లెన్సులకు ఫంగస్ మామూలే. దానికి హైడ్రోజన్ పెరాక్సైడ్, అమ్మోనియా సమపాళ్లలో కలిపి, గాలి ఆడేచోట తుడుస్తారు. ఫంగస్ కోటింగ్‌ను తినేసి ఉంటే ఆ మచ్చ మాత్రం పోదు.

ఫోకస్ మర (ఫోకస్ కోసం లెన్స్‌ను ముందుకూ వెనక్కూ జరిపేది) విప్పేటప్పుడు రెండు భాగాలు విడిపోయే క్షణాన, ఎదురెదురుగా సూదితో గీత పెట్టుకోండి. ఆ మరకు మొదళ్లు, అంటే మర ఎక్కడం మొదలయ్యే చోట్లు, చాలా ఉంటాయి. వేరే మొదట్లో ఎక్కిస్తే దూరంలోని కొండ ఎప్పటికీ ఫోకస్‌లోకి రాదు.