రేకు 10', ఎల్బో 3/4": పీడీఓతో పదేళ్ళు

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక హార్డ్‌వేర్ షాపుకి 2011లో పీహెచ్‌పీ భాషలో, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చాను. ఇప్పటికీ అదే నడుస్తోంది, రిపేర్లన్నీ నావే. 2014లో క్వెరీలన్నీ (డేటాబేస్‌కి పంపే ఆదేశాలు) పీడీఓ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లకి మార్చాను. పీడీఓ అంటే పీహెచ్‌పీ నుంచి డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి; ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అంటే విలువల చోటు ఖాళీగా ఉంచి రాసే క్వెరీ. పదేళ్ళు దాటింది కాబట్టి బాగోగులు రెండూ చెప్పగలను.

హార్డ్‌వేర్ షాపులో సరుకు పేర్ల నిండా కోట్సే. పదడుగుల రేకు 10', ముప్పావు అంగుళం ఎల్బో 3/4". సింగిల్ కోట్స్ మధ్య పేరు అతికించి క్వెరీ పంపితే, 10' దగ్గరే స్ట్రింగ్ అయిపోయిందనుకుని మైఎస్‌క్యూఎల్ సింటాక్స్ ఎర్రర్ కొట్టేది. అందుకని కోట్ ముందు బ్యాక్‌స్లాష్ (\) పెట్టి అది పేరులో భాగమేనని చెప్పే, అంటే ఎస్కేప్ చేసే, రియల్ ఎస్కేప్ స్ట్రింగ్ ఫంక్షన్ పెట్టాను. ఆ హోస్టింగ్‌లో ఇదే పని పీహెచ్‌పీయే తనంతట తాను చేసే మ్యాజిక్ కోట్స్ ఆన్‌లో ఉన్న సంగతి చూసుకోలేదు. ఫారం నుంచి వచ్చేటప్పటికే దాని స్లాష్ ఒకటి, పైన నాది ఇంకొకటి. టేబుల్లో 10\' పడింది. ధర మార్చడానికి తెరిచి సేవ్ చేస్తే 10\\\' అయింది. ఇంకోసారి సేవ్ చేస్తే ఏడు స్లాషులు. ఓనరు గారు బిల్లు పట్టుకొచ్చి, "ఏటి బాబూ ఈ గీతలు, రేకులు గానీ వంగిపోనాయేటి?" అన్నారు.

మ్యాజిక్ కోట్స్‌ని పీహెచ్‌పీ 5.4లో, ఆ పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లని 7.0లో తీసేశారు. ముందే మారడం వల్ల ఆ టెన్షన్ నాకు తగల్లేదు.

పీడీఓలో విలువ రావాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టి, విలువని విడిగా ఇస్తాం. అంతే, 10' అని కొడితే 10' అనే పడుతుంది. ఇన్నేళ్ళలో కోట్ వల్ల ఒక్క క్వెరీ కూడా ఆగలేదు. కానీ మైఎస్‌క్యూఎల్‌తో వాడినప్పుడు, మనం ఏమీ చెప్పకపోతే పీడీఓ తనే విలువల్ని ఎస్కేప్ చేసి, క్వెరీలో అతికించి పంపుతుంది. ఎమ్యులేట్ ప్రిపేర్స్ అనే ఆ సెట్టింగ్ ఆపితేనే క్వెరీ, విలువలు సర్వర్‌కి వేరువేరుగా వెళతాయి. ఇది నాకు ఎన్ని వరసలు కావాలో చెప్పే లిమిట్ దగ్గర తెలిసింది. ఎగ్జిక్యూట్‌కి విలువల్ని అర్రేగా ఇస్తే 20 కాస్తా '20' అయి ఎర్రర్ వచ్చేది. కనెక్షన్‌లో చార్‌సెట్ (అక్షరాల ఎన్‌కోడింగ్) రాయడం కూడా మరవకండి.

పేరులో కొంత భాగం ఇచ్చి లైక్‌తో వెతకడంలో మాత్రం ఇది సాయం చేయదు. % అంటే ఎన్ని అక్షరాలైనా, _ అంటే ఏదైనా ఒక అక్షరం అని అక్కడ వేరే అర్థం ఉంది, బైండ్ చేసినా (విలువని విడిగా ఇచ్చినా) ఆ అర్థం పోదు. జిఐ_12 అని వెతికితే జిఐ-12 కూడా వచ్చి కూర్చునేది. ఆ రెండిటి ముందూ, స్లాష్ ముందూ నేనే స్లాష్ పెట్టి ఆ తర్వాత బైండ్ చేస్తున్నాను. వరస క్రమం చెప్పే ఆర్డర్ బైలో కాలమ్ పేరు బైండ్ కాదు. ఫలానా ఫలానా పేర్లే చెల్లుతాయని కోడ్‌లో జాబితా రాసుకోవాల్సిందే.

ఒకసారైతే అన్యాయంగా పీడీఓనే తిట్టుకున్నాను. ఎల్బో ఎడిట్ చేసిన ప్రతిసారీ 3/4" లో అంగుళం గుర్తు మాయం. రోజంతా డేటాబేస్‌లో వెతికాను, సేవ్ కొట్టకముందు అక్కడ శుభ్రంగానే ఉంది. తీరా చూస్తే ఫారంలో వాల్యూ దగ్గర ఆ డబుల్ కోట్‌కే హెచ్‌టీఎంఎల్ ఆగిపోతోంది; సేవ్ కొట్టగానే ఉత్త 3/4 వెనక్కి వెళ్తోంది. దానికి వాడాల్సింది, కోట్ లాంటి గుర్తుల్ని హెచ్‌టీఎంఎల్‌కి అడ్డు రాకుండా మార్చే హెచ్‌టీఎంఎల్ స్పెషల్ చార్స్ ఫంక్షన్.

పాత బిల్లుల్లో ఏడు స్లాషుల రేకులు ఇంకా అలాగే ఉన్నాయి. అచ్చయి, డబ్బులు కూడా ముట్టిన బిల్లులని వాటి జోలికి పోలేదు.